మొండి లోహము - కంకర బాట

బాట యెట్టిదో బండి యట్టిది కావలయును. ఇసుక నేలకు వెడల్పైన చక్రము, రాతి నేలకు గట్టి ఇరుసు కావలయునని బండ్లు చేయు వడ్రంగులు తరతరములుగా ఎఱుగుదురు. పూర్వము తెలుగు పల్లెలలో వడ్రంగి తన యూరి బాటలపై తానే నడచి, వాని గుంతలను, వాని గట్లను చూచి, అందుకు తగిన బండిని చేసెడివాడు. ఆ బండి చెడినచో తిరిగి అతని ముంగిటికే వచ్చెడిది. కనుక అతని పనికి బాటయే పరీక్షాధికారి. ఈ పాత న్యాయము నేటి యంత్రయుగమున కూడ చెల్లుచున్నదనుటకు అమెరికా సంయుక్త రాష్ట్రములలోని ఒక చిన్న పరిశ్రమ మంచి నిదర్శనము. అది టిటానియమను లోహముతో కంకర బాటలకు తగిన సైకిళ్లను చేయు పరిశ్రమ.

అమెరికా యనగానే అద్దమువంటి రోడ్లు మనసునకు తోచును. కాని ఆ దేశపు రోడ్లలో ఇంచుమించు మూడవ వంతు నేటికిని తారు గాని సిమెంటు గాని ఎఱుగనివే. దీనికొక చారిత్రక కారణము కలదు. 1785లో ఆ దేశపు ప్రభుత్వము పడమటి భూములను కొలిచి విక్రయించుటకు ఒక శాసనము చేసెను. దాని ప్రకారము భూమిని ఆరేసి మైళ్ల చదరములుగను, ఆ చదరములను మరల ఒక్కొక్క మైలు గడులుగను విభజించిరి. ఆ గడుల అంచుల వెంబడి పల్లె బాటలు పడినవి. విమానము నుండి చూచువానికి కాన్సాసు, అయోవా మొదలగు రాష్ట్రముల నేల చదరంగపు పలకవలె కనబడును. ఇంటికొక మైలు దూరమున ఇల్లున్న ఆ సీమలో ప్రతి బాటకును తారు పోయుట ప్రభుత్వమునకు మోయలేని భారము. అందుచేత కంకర పఱచి, ఏటేట చదును చేయుటతో సరిపెట్టుకొనిరి. ధాన్యపు లారీలును, పశువుల బండ్లును నేటికిని ఆ కంకర మీదనే నడచుచున్నవి.

ఇందొక వింత కలదు. ఆ దేశమున మంచి రోడ్లు కావలయునని మొట్టమొదట గట్టిగా కోరినవారిలో సైకిలు తొక్కువారు ముఖ్యులు. మోటారు కార్లు రాకపూర్వమే, 1880లో, వారొక సంఘముగా ఏర్పడి, దుమ్ము బాటలను బాగుచేయుడని ప్రభుత్వములకు విన్నపములు చేసిరి, పత్రికలు నడపిరి. కొంతకాలమునకు రోడ్లు బాగుపడినవి. కాని బాగుపడిన రోడ్లను కార్లు ఆక్రమించుకొనినవి. నూఱేండ్లు గడచునప్పటికి సైకిలు తొక్కువానికి నున్నని రోడ్డుపై ప్రాణభయము కలిగెను. అతడు మరల కార్లు తక్కువగా తిరుగు కంకర బాటను వెదకుకొని పోయెను. తాత విడిచిన బాటను మనుమడు చేరుకొనెను.

కంకర బాటను చేరుకొనుట సులభమే. దానిపై మనుట సులభము కాదు. కాన్సాసు రాష్ట్రమున చెకుముకి కొండలను అర్థమిచ్చు పేరు గల యొక సీమ కలదు. అచ్చటి నేలలో చెకుముకిరాయి దండిగా ఉండుటచే నాగలి దిగదు. అందువలననే ఆ సీమ సేద్యమునకు లొంగక, నిలువెత్తు గడ్డితో పచ్చిక బయలుగా నిలిచిపోయినది. ఆ రాయి పగిలినచో అంచు కత్తివలె ఉండును. ఆ సీమలోని ఎంపోరియా పట్టణమున 2006లో 34 మంది చేరి, ఒక్క దినమున 200 మైళ్ల కంకర బాటను సైకిలుపై దాటు పందెమును నడపిరి. అది పెరిగి పెరిగి, నేడు అన్‌బౌండ్ అను పేరుతో వేలకొలది జనమును ఆ చిన్న పట్టణమునకు రప్పించుచున్నది. ఎంత బలశాలియైనను ఆ బాటపై గెలుపు తన కాళ్ల మీద మాత్రమే ఆధారపడియుండదని తెలిసికొనును. టైరు తెగినచో, చట్రము విఱిగినచో, బలము వ్యర్థము.

ఇట్టి బాట సైకిలును ఏమి కోరును? మొదట వెడల్పైన టైరును కోరును. నున్నని రోడ్డుపై పందెములాడు సైకిలు టైరు చాలకాలము ఒక అంగుళమునకు మించకుండెను. కంకర బాటకు ఒకటిన్నర అంగుళము మొదలు రెండు అంగుళముల వఱకు వెడల్పు కావలయును. తెలుగు పల్లెలలో పాలబిందెలను, ధాన్యపు మూటలను మోసిన పాత నల్ల సైకిలు టైరు వెడల్పు కూడ ఒకటిన్నర అంగుళమే యనుట గమనింపదగినది. అవసరము ఒక్కటియైనచో ఉపాయము కూడ ఒక్కటే యగును. రెండవది, ముందు చక్రమునకును వెనుక చక్రమునకును నడుమ దూరము కొంత ఎక్కువగా ఉండవలయును. అప్పుడు గులకరాళ్లపై సైకిలు తొట్రుపడక నిలుకడగా పోవును. మూడవది, నీళ్ల సీసాలను, సంచులను, పనిముట్లను తగిలించుటకు చట్రమునకే మఱలు పట్టు రంధ్రము లుండవలయును. ఏలయన నలుబది మైళ్ల వఱకు అంగడి కానరాని చోట్లు కలవు. నాలుగవదియు ముఖ్యమైనదియు ఏమనగా, ఆ చట్రము లక్షలకొలది కుదుపులను సహించియు అలసిపోకుండవలయును.

లోహము అలసిపోవునా యని బాలబాలికలకు సందేహము కలుగవచ్చును. పలుచని రేకును అటు నిటు పెక్కుమారులు వంచినచో అది తుదకు విఱుగుట ఎల్లరును చూచినదే. ఒక్కమారు వంచిన విఱుగనిది నూఱుమారులు వంచగా విఱుగును. లోహశాస్త్రజ్ఞులు దీనినే లోహపు అలసట యందురు. అల్యూమినియము మిక్కిలి తేలికయైనను, చిన్న కుదుపులను కూడ లెక్కపెట్టుకొనుచు పోయి, ఎప్పుడో యొకప్పుడు బీటవాఱును. ఉక్కునకును, టిటానియమునకును ఒక హద్దు కలదు. కుదుపు ఆ హద్దునకు లోబడియున్నంత వఱకు అవి బహుకాలము సహించును. అయితే ఉక్కునకు బరువును, త్రుప్పును శత్రువులు. ఒక ఘనపు సెంటీమీటరు ఉక్కు 7.8 గ్రాములు తూగగా, అంతే టిటానియము 4.5 గ్రాములు మాత్రమే తూగును. త్రుప్పు మాట టిటానియము ఎఱుగనే ఎఱుగదు. ఇన్ని సుగుణములు గల లోహము ఇంతకాలము ఎచ్చట దాగియుండెను? ఆ కథ తెలిసినగాని ఆ సైకిలు విలువ తెలియదు.

1791లో ఇంగ్లండు నైఋతి కొననున్న కారన్‌వాల్ ప్రాంతమున విలియం గ్రెగర్ అను క్రైస్తవ మతగురువు ఒక వాగులోని నల్లని ఇసుకను పరీక్షించెను. ఆ ఇసుక అయస్కాంతమునకు అంటుకొనుచుండెను. దానిని శోధింపగా ఇనుముతోపాటు, అంతవఱకు ఎవ్వరును ఎఱుగని మఱియొక లోహపు భస్మము అందున్నట్లు ఆయనకు తెలిసెను. 1795లో జర్మను రసాయనశాస్త్రజ్ఞుడు మార్టిన్ క్లాప్రోత్ వేఱొక ఖనిజమున ఆ పదార్థమునే కనుగొని, గ్రీకు పురాణములలో భూదేవి కుమారులైన టైటనుల పేరు మీదుగా దానికి టిటానియమని నామకరణము చేసెను. పేరు పెట్టుట జరిగెను గాని బిడ్డ ముఖమును చూచిన వారు లేకపోయిరి. శుద్ధమైన లోహము చేతికి వచ్చుటకు నూఱు సంవత్సరములకు పైగా పట్టినది. 1910లో అమెరికాలో మాథ్యూ హంటర్ అనునాయన టిటానియపు క్లోరైడును సోడియముతో కలిపి, ఉక్కు పాత్రలో బిగించి, తీవ్రముగా కాచి, ఇంచుమించు శుద్ధమైన లోహమును స్వల్ప పరిమాణమున సంపాదించెను.

భూమి పైపొరలోని మూలకములలో పరిమాణమును బట్టి టిటానియము తొమ్మిదవది. రాగి, సీసము, తగరముల కన్న అది ఎన్నో రెట్లు అధికము. అయినను అది దుర్లభమగుటకు కారణము దాని స్వభావమే. టిటానియమునకు ప్రాణవాయువుపై చెప్పరాని మక్కువ. ఒకమారు ప్రాణవాయువును పట్టుకొనెనా, దానిని విడువదు. ఇనుప ఖనిజమును బొగ్గుతో కలిపి కొలిమిలో కాచినచో బొగ్గు ప్రాణవాయువును లాగుకొని ఇనుమును విడిచిపెట్టును. టిటానియముతో ఆ ఆట సాగదు. అది బొగ్గుతోడను కలిసిపోయి పెళుసు పదార్థ మగును. లక్సెంబర్గు దేశీయుడైన విలియం క్రోల్ అను శాస్త్రజ్ఞుడు 1930 తరువాత ఏండ్ల తరబడి శ్రమించి దీనికొక మార్గమును సుగమము చేసెను. ఖనిజమును మొదట క్లోరినుతో కలిపి ద్రవముగా మార్చి, గాలి సోకని ఉక్కు పాత్రలో కరగిన మెగ్నీషియముపై ఆ ద్రవపు ఆవిరిని పంపుట ఆ మార్గము. క్లోరిను మెగ్నీషియముతో కలిసి లవణ మగును. టిటానియము రంధ్రములతో నిండిన స్పంజివలె పాత్రలో మిగులును. ఈ పద్ధతిని బట్టియే 1948లో అమెరికాలో వ్యాపారసరళిని టిటానియపు తయారీ మొదలయ్యెను. నేటికిని లోకమున అధికభాగము ఈ మార్గముననే తయారగుచున్నది.

ఇచ్చట ఒక్క విషయము గ్రహింపవలయును. ఏ మక్కువ వలన టిటానియము మనుష్యునకు లొంగలేదో, ఆ మక్కువయే దానికి కవచము. శుద్ధమైన లోహము గాలి సోకినంతనే పైన కంటికి కానరాని పలుచని పొర నేర్పఱచుకొనును. ఆ పొర గీచుకొనిపోయినచో వెంటనే మరల ఏర్పడును. దానిని దాటి ఉప్పునీరు గాని, చెమట గాని, బురద గాని లోపలికి పోజాలవు. ఇనుమును తినివేయు ప్రాణవాయువే టిటానియమునకు కావలివాడు. కొలరాడో రాష్ట్రమున పెక్కుచోట్ల కంకర బాటలపై దుమ్ము లేవకుండుటకు మెగ్నీషియము క్లోరైడను లవణమును చల్లుదురు. అది ఉక్కును త్రుప్పు పట్టించుటలో దిట్ట. టిటానియము స్పంజిగా పుట్టునాడు దాని ప్రక్కన మిగులు లవణము కూడ అదియే. పుట్టుకనాటి తోడు బాటపై ఎదురైనను టిటానియము చెక్కుచెదరదు.

ఈ లోహము మొదట విమానములకును, తరువాత రాకెట్లకును, విఱిగిన ఎముకలను కూర్చు వైద్యులకును ఉపయోగపడెను. 1970 తరువాత కొందఱు దీనితో సైకిలు చట్రములను చేయ యత్నించిరి. కాని వారు కొన్నిచోట్ల శుద్ధ టిటానియమును వాడుటచే ఆ చట్రములు మెత్తగా ఊగుచుండెను, కొన్ని విఱిగెను. లోపము రెండు విధములు. శుద్ధలోహమునకు చాలినంత బలము లేదు. అదియును గాక, వంగకుండు శక్తిలో టిటానియము ఉక్కులో ఇంచుమించు సగమే. అందుచేత ఉక్కు గొట్టముల కొలతతో టిటానియపు చట్రమును చేసినచో అది వంగక మానదు.

మొదటి లోపమునకు విమానములే మందు చూపినవి. విమానపు రెక్కలను, చక్రములను కదలించు నూనె గొట్టములకు నూటికి 3 పాళ్లు అల్యూమినియమును, రెండున్నర పాళ్లు వెనేడియమును కలిపిన టిటానియపు మిశ్రలోహమును వాడుచుండిరి. 1980 - 1990 నడుమ మసాచుసెట్సు రాష్ట్రమున మెర్లిన్ అను చిన్న కార్ఖానావారు ఆ మిశ్రలోహపు గొట్టములతో సైకిళ్లను చేసి పేరొందిరి. రెండవ లోపమునకు వెదురుబొంగు మందు చూపినది. బొంగు లావైన కొలది, లోపల డొల్లయైనను, వంగుట కష్టము. గోడ మందము మారకుండ గొట్టపు వ్యాసము రెండింతలైనచో వంగకుండు శక్తి ఇంచుమించు ఎనిమిదింత లగును. కనుక టిటానియపు సైకిలు గొట్టములు ఉక్కు సైకిలు గొట్టముల కన్న లావుగా ఉండును. అయినను బరువు తక్కువ.

కొలరాడో రాష్ట్రపు ఉత్తర భాగమున, సముద్రమట్టమునకు సుమారు 6,700 అడుగుల ఎత్తున, యాంపా నది ఒడ్డున స్టీంబోట్ స్ప్రింగ్సు అను చిన్న పట్టణము కలదు. అచ్చటి యొక ఊట చేయు చప్పుడు ఆవిరి ఓడ చప్పుడువలె వినబడుటచే దానికా పేరు వచ్చెనని చెప్పుదురు. శీతకాలమున అచ్చట మంచు దట్టముగా పడును. మంచు కరగు దినములలో బాటలు బురద యగును. వేసవిలో దుమ్ము లేచును. చుట్టును పశువుల మందలు మేయు బయళ్లు, వాని నడుమ కొండలెక్కి దిగు కంకర బాటలు. ఈ యూరిలో కెంట్ ఎరిక్సన్ అను పనివాడు 1981లో మూట్స్ అను సైకిళ్ల కార్ఖానాను స్థాపించెను. పెన్సిలు చివర తగిలించు మొసలి రూపపు రబ్బరు బొమ్మ పేరునే అతడు తన కార్ఖానాకు పెట్టెను. మొదట వారు ఉక్కుతో పనిచేసిరి. 1990 దాటిన పిమ్మట టిటానియమునకు మాఱిరి. నేటికిని ఆ చట్రములు ఆ యూరనే తయారగుచున్నవి. చట్రమును అతుకు చేతులు సాయంకాలము ఆ చట్రముపైననే కంకర బాట ఎక్కవచ్చును. 2019లో ఆ యూరి చుట్టు బాటలపై కూడ నూఱు మైళ్లకు మించిన కంకర పందెము ప్రారంభమయ్యెను.

టిటానియపు చట్రమును చేయు విధానము చూడదగినది. పనివాడు మొదట గొట్టములను కొలత ప్రకారము కోసి, ఒక గొట్టపు కొన మఱియొక గొట్టపు గుండ్రనితనమును సందులేక హత్తుకొనునట్లు చెక్కును. వెండ్రుకవాసి సందు కూడ ఉండరాదు. పిమ్మట కొనలను రుద్ది, జిడ్డు తొలగించు ద్రవముతో కడిగి తుడుచును. ఆ తరువాత వానిని ఉత్తచేతితో తాకరాదు. వేలి ముద్రలోని జిడ్డు కూడ అతుకును చెఱచును. గొట్టములను బిగింపు బల్లపై అమర్చి, విద్యుత్తు మెఱపుతో అతుకును వేయుదురు. అప్పుడే టిటానియపు పాత స్వభావము మేల్కొనును. లోహము కాగినప్పుడు చుట్టునున్న గాలిలోని ప్రాణవాయువును, నత్రజనిని త్రాగివేయును; త్రాగినచో పెళుసెక్కి, ఎప్పుడో బాటపై విఱుగును.

దీనికి ఉపాయము ఆర్గాను అను వాయువు. గాలిలో నూటికి ఇంచుమించు ఒక పాలు మాత్రమే ఉన్న ఈ వాయువును 1894లో రేలీ, రామ్సే అను శాస్త్రజ్ఞులు కనుగొనిరి. అది దేనితోడను కలియదు. కనుకనే గ్రీకు భాషలో సోమరి యను అర్థము గల పేరును దానికి పెట్టిరి. ఆ సోమరి వాయువునే కాగిన లోహమునకు వెలుపల కప్పుదురు, గొట్టముల లోపలను నింపుదురు. ఏ పనియు చేయనివాడే ఇచ్చట గొప్ప కావలివాడు. అతుకు చల్లాఱువఱకు ఆ కాపుదల తీయరాదు. పనివాడు తొందరపడి మెఱపు ఆగినంతనే చేతిని వెనుకకు తీసెనా, గాలి చొరబడును. ఆ తప్పును దాచుటకు వీలులేదు. ఏలయన అతుకు రంగే చెప్పివేయును. వెండివలె మెఱయు అతుకు మేలైనది. లేత గడ్డి రంగు సహింపదగినది. నీలము, ఊదా వచ్చినచో చెడినదని అర్థము. బూడిదవలె తెల్లబడినచో ఆ పని పనికిరాదు. చెడిన అతుకును పైపైన రుద్ది మెఱపు తెప్పించిన ప్రయోజనము లేదు. లోపలి పెళుసుదనము పోదు. అడుసు త్రొక్కనేల, కాలు కడుగనేల యను సామెత ఈ పనికి అక్షరాల చెల్లును. ఉక్కు చట్రముపై రంగు పూయుదురు. రంగు క్రింద అతుకు గుణము మఱుగుపడవచ్చును. టిటానియమునకు రంగుతో పనిలేదు. అందుచేత పనివాని నిజాయితీ సైకిలు పైననే జీవితాంతము కనబడుచుండును.

ఇట్టి పని చిన్న ఊళ్లలోని చిన్న కార్ఖానాలలో ఏల నిలిచినది? నేడు లోకమున సైకిళ్లలో పెక్కు చైనా, తైవాను మొదలగు దేశముల పెద్ద కార్ఖానాలలో తయారగుచున్నవి. ఖరీదైన సైకిళ్లను విశేషముగా కార్బను నారతో చేయుదురు. కార్బను నారకు అచ్చు కావలయును. ఒక్కొక్క కొలతకు ఒక్కొక్క అచ్చు, అచ్చు ఒక్కొక్కదానికి గొప్ప వ్యయము. వేలకొలది చట్రములు అమ్ముడైనగాని ఆ వ్యయము రాదు. కనుక మనుష్యుడే అచ్చునకు తగినట్లు సర్దుకొనవలయును. గొట్టములతో చేయు పనికి అచ్చు అక్కఱలేదు. పొడుగు కాళ్ల వానికి ఒక కొలత, పొట్టి చేతుల వానికి మఱియొక కొలత, బరువు మోయువానికి మందపు గొట్టము, తేలికగా పోవువానికి పలుచని గొట్టము. కోయుటలోనే భేదము. దర్జీ వస్త్రమును కుట్టినట్లు పనివాడు చట్రమును కుట్టును. తొక్కువాని కాళ్లను, చేతులను కొలిచి, నీవు ఏ బాటపై తిరుగుదువని అడుగును. ఆ బాట అతడు ఎఱిగినదియే యైనచో ప్రశ్నతో కూడ పనిలేదు.

ఈ విద్య గురువు నుండి శిష్యునకు చేతి మీదుగా పాకినది. ఎరిక్సన్ తాను స్థాపించిన కార్ఖానాను విడిచిన పిమ్మట అదే ఊర తన పేరుతోనే టిటానియపు చట్రములను చేసెను. మెర్లిన్ కార్ఖానాలో పనిచేసిన రాబ్ వాండర్‌మార్క్ 1997లో మసాచుసెట్సులోని వాటర్‌టౌనులో సెవెన్ అను కార్ఖానాను ప్రారంభించి, కొనువారి కొలతలకే చట్రములను చేయు పద్ధతిని వ్యాపింపజేసెను. ఇంట గెలిచి రచ్చ గెలువుమను సామెత ఇట్టివారి యెడ సార్థకము. ఊరి బాటపై గెలిచిన చట్రమే దూరదేశముల బాటలపై కూడ గెలిచినది.

గుణములు చెప్పి దోషములను దాచుట న్యాయము కాదు. టిటానియపు సైకిలు వెల సామాన్యమైన ఉక్కు సైకిలు వెలకు ఎన్నో రెట్లు. క్రోల్ మార్గము దీర్ఘమైనది, అతుకు పని నిదానమైనది. పిండి కొలది రొట్టె. రెండవది, ఉక్కు చట్రము విఱిగినచో ఏ యూరి వెల్డింగు కొట్టులోనైనను అతికింపవచ్చును. టిటానియపు చట్రము విఱిగినచో ఆర్గానును, అనుభవమును గల పనివానినే వెదకవలయును. మూడవది, సీటు క్రింది కమ్మి అల్యూమినియముదైనచో అది తడికి టిటానియపు గొట్టములో బిగిసిపోయి, వెలికి రాక మొరాయించును. జిడ్డు పూసి, అప్పుడప్పుడు తీసి తుడువకున్నచో, త్రుప్పు పట్టదను ధీమాయే చేటు తెచ్చును. నాలుగవది, ఈ లోహము కుదుపులను మ్రింగి తొక్కువానికి సుఖము కలిగించునని చెప్పుదురు. అందు కొంత నిజమున్నను, కంకర బాటపై సుఖము విశేషముగా వెడల్పైన టైరులోని గాలి వలననే కలుగును. వెల పెట్టిన లోహమును పొగడి, ఉచితమైన గాలిని మఱచుట తగదు.

ఈ కథలో తెలుగువారికిని పాలు కలదు. కారన్‌వాల్ వాగులో గ్రెగర్ చూచిన నల్లని ఇసుకవంటిది శ్రీకాకుళపు తీరమున భావనపాడు, కళింగపట్నము ప్రాంతములందును, విశాఖ దగ్గఱి భీమునిపట్నమునందును అలలు ఒడ్డునకు చేర్చుచున్నవి. ఆ నల్లదనము టిటానియమును, ఇనుమును గల ఇల్మనైటు అను ఖనిజముది. 1973లో హైదరాబాదున స్థాపింపబడిన మిశ్రధాతు నిగమ కార్ఖానా విమానములకును, రాకెట్లకును కావలసిన టిటానియపు మిశ్రలోహములను కరగించి ఇచ్చుచున్నది. టిటానియపు స్పంజిని చేయు విద్యను హైదరాబాదులోని రక్షణ లోహ పరిశోధనశాలవారు సాధింపగా, ఆ విద్యతోనే 2011లో కేరళలోని చవరయందు భారతదేశపు స్పంజి కార్ఖానా పని ప్రారంభించెను. తీరమున ఇసుక, నగరమున కొలిమి, పల్లెలలో కంకర బాట - మూడును తెలుగు నేలపై ఉన్నవి. వీనిని ఒక్కచోట చేర్చుటకు కావలసినది నేర్పు గల చేయి, ఓర్పు గల మనసు. ఇసుకను అమ్ముకొనువానికి ఇసుక వెలయే దక్కును. పనితనము వెల పనివానికి దక్కును.

టిటానియము మొండి లోహము. అది తొందరకు లొంగదు, బెదరింపునకు లొంగదు. నూఱేండ్లు శాస్త్రజ్ఞులను వేచియుండునట్లు చేసెను. నేటికిని అతుకు చల్లాఱువఱకు పనివానిని నిలబెట్టుచున్నది. కాని ఒకమారు ఓర్పుతో లొంగదీసినవానికి అది జీవితకాలము సేవ చేయును. సులభముగా వంగినది సులభముగా విఱుగుట లోకమున తఱచు చూచునదే. కష్టపడి నేర్చిన విద్యయు, కష్టపడి అతికిన చట్రమును కఠినమైన బాటపైననే తమ విలువను చూపును.

ప్రశ్నలు

1. సైకిలు తొక్కువారు నున్నని రోడ్లను విడిచి కంకర బాటలకు ఏల పోయిరి?
2. భూమిలో సమృద్ధిగా ఉన్నను టిటానియము దుర్లభమగుటకు కారణమేమి? ఆ కారణమే దానికి కవచమెట్లయ్యెను?
3. అతుకు వేయునప్పుడు ఆర్గాను వాయువును ఏల వాడుదురు? అతుకు రంగును బట్టి ఏమి తెలియును?
4. చిన్న కార్ఖానాలకు కార్బను నార కన్న టిటానియపు గొట్టములు అనుకూలమగుట ఎట్లు?
5. మీ యూరి బాటకు ఎట్టి సైకిలు తగునో, ఏల తగునో పది వాక్యములలో వ్రాయుడు.